పెరటి దడి, పిల్లికి రక్ష

ధాన్యపు పురికి ఎలుక శత్రువు. పిల్లి జీతమడుగని కావలి. పామర్రు ప్రాంతపు రైతులు పెరటిని దానికొఱకు ఇట్లు కట్టుదిట్టము చేయవలెను.

దడి 6 అడుగుల ఎత్తుండవలెను. దడిపైన సన్నకన్నుల వలను 1½ అడుగు వెడల్పున లోపలికి వాల్చి వదులుగా కట్టవలెను. ఊగుదానిపై పిల్లి కాలూనజాలదు. కుక్కలు త్రవ్వి దూరకుండ దడి మొదట ఇటుకలు పాతవలెను. నూతికి మూత యుండవలెను.

పొలమున బ్రోమాడయోలోన్ ఎర తిన్న యెలుక వెంటనే చావక కొన్ని దినములు తిరుగును. దానిని తిన్న పిల్లికి రక్తము గడ్డకట్టక ప్రాణాపాయము కలుగును. కావున ఎర పెట్టిన దినములలో పిల్లిని పెరటియందే యుంచి, చచ్చిన యెలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. పిల్లి నీరసించినను, ముక్కున రక్తము కారినను జాగుచేయక పశువైద్యునికి చూపవలెను. విటమిను కె1 దీనికి విరుగుడు.

ఎలుకను చంపబోయి కావలిని పోగొట్టుకొనరాదు.