దంత విభాగములో మొదట కట్టవలసిన గది

మన ఆసుపత్రి దంత విభాగమును బాగుచేసే పని మొదలైనప్పటి నుండి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "కొత్త కుర్చీలు ఎన్ని వస్తున్నాయండీ?" కుర్చీలు కావలసినవే. అయితే ప్లాను గీయించేటప్పుడు మేము అన్నిటికంటే ముందు పనిముట్లు కడిగే గదికి చోటు కేటాయించాము. ఎందుకో ఈ పాఠములో తెలుసుకొందాము.

పన్ను తీసినా, చిగుళ్లు శుభ్రము చేసినా పనిముట్లకు రక్తము, లాలాజలము అంటుకొంటాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరము బయట కనీసము 7 రోజులు బ్రతికి ఉండగలదు. కంటికి కనిపించనంత మరక ఉన్నా ప్రమాదమే. కాబట్టి వాడిన పనిముట్టు, శుభ్రమైన పనిముట్టు ఒకే బల్ల మీద కలవకూడదు. మన ఇళ్లలో ఎంగిలి గిన్నెలను, తోమిన గిన్నెలను వేరువేరుగా పెట్టుకొంటాము గదా!

అందుకే ఆ గదికి రెండు కిటికీలు. ఒక కిటికీ నుండి వాడినవి లోపలికి వస్తాయి. కడగడము, సందులలోని మురికిని అల్ట్రాసోనిక్ యంత్రముతో వదిలించడము, ఆరబెట్టడము, పొట్లము కట్టడము, ఆ తరువాత ఆటోక్లేవ్. సాధారణ ఆటోక్లేవులో పొట్లము కట్టిన పనిముట్లను 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు ఉంచాలి. అవి రెండవ కిటికీ నుండి బయటికి వెళ్తాయి. నీళ్లలో మరిగిస్తే చాలదా అని పెద్దవారు అడుగుతుంటారు. చాలదు. 100 డిగ్రీల వద్ద కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావవు.

ఇక నీటి సంగతి. పన్నును అరగదీసే హ్యాండ్‌పీస్ నిమిషానికి 3 నుండి 4 లక్షల చుట్లు తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా నీరు చిమ్ముతుంది. ఆ నీరు వచ్చే సన్నని గొట్టాలలో రాత్రంతా నీరు నిలిచిపోతే లోపల పాచి పడుతుంది. అందుచేత గొట్టాలను క్రమముగా మందుతో శుద్ధి చేయాలి, ప్రతి రోగి తరువాత 20 నుండి 30 సెకన్లు నీరు వదలాలి. చిమ్మిన తుంపరలు గాలిలో తేలుతాయి గనుక కుర్చీల మధ్య గుడ్డ తెరలు తీసివేసి పైకప్పు వరకు గోడలు కట్టిస్తున్నాము. గాలిని బయటికి లాగే ఫ్యానులు కూడా పెట్టిస్తున్నాము. ఇది ఖర్చుతో కూడిన పనే. నేలకు ఖరీదైన రాయి వేయించడము కన్నా ఇది మేలని మా అభిప్రాయము. నేల అతుకులు లేకుండా తుడవడానికి వీలుగా ఉంటే చాలు.

విభాగమును కింది అంతస్తులోనే ఉంచాము. చక్రాల కుర్చీలో వచ్చేవారికి మెట్ల బాధ ఉండదు, నీటి గొట్టాలను నేల కింద నుండి తేవడము సులభము. రొద చేసే కంప్రెసరు మాత్రము ఆవరణలోకి పోతుంది.

పెద్ద ఆసుపత్రిలో దంత విభాగము ఉండడము వలన మరొక మేలు ఉన్నది. షుగరు, గుండె జబ్బు ఉన్నవారి విషయములో మా దంత వైద్యులు పక్క విభాగము వారిని వెంటనే అడగగలరు. రక్తము పలుచబడే మాత్రలు వాడేవారు పన్ను తీయించుకోవడానికి తమంతట తాము మాత్రలు మానివేయవద్దు. చీటీ తెచ్చి ముందే చూపించండి.

కుర్చీలో కూర్చున్నప్పుడు, "పొట్లము నా ముందే విప్పుతారా?" అని అడగవచ్చును. ఎవరూ ఏమీ అనుకోరు. పొట్లము మీది గుర్తు రంగు మారి ఉండాలి. ఆవిరి తగిలిందని మాత్రమే ఆ రంగు చెబుతుంది. సూక్ష్మజీవులు చచ్చాయా లేదా అన్నది వారానికి ఒకసారి చేసే బీజాల పరీక్షలో తేలుతుంది. ఆ పరీక్షల పుస్తకము కొత్త గదిలో కిటికీ పక్కనే వ్రేలాడుతుంది.