ఒక బండి షాకబ్జరును వేరొక బండికి బిగించుట: కొలతలు, జాగ్రత్తలు

మన తిరుమలాయపాలెము ప్రాంతమున ఎడ్లబండి చేయు పనులలో పెక్కింటిని నేడు మోటారు సైకిలు చేయుచున్నది. ఎరువు బస్తా, పురుగుల మందు డబ్బా, పాల క్యాను, పత్తి మూట అన్నియు దానిమీదనే పోవుచున్నవి. వానకాలమున ట్రాక్టరు చక్రములు చేసిన గాడులు ఎండకు గట్టిపడి, చేని దారులు రాతిమెట్లవలె నగును. భద్రాచలము వైపు అడవి బాటలును అట్టివే. ఇట్టి దారులలో త్వరగా చెడునది వెనుక షాకబ్జరు. అది చెడినపుడు రైతునకు తరచుగా దొరకు సలహా యేమనగా: “ఇంతకంటె పెద్ద బండిది వేయుము, బలముగా నుండును” అని. ఈ సలహాలో నిజమెంత, అపాయమెంత యను విషయమును ఈ పాఠమున విచారింతము.

నేనును ఒకప్పుడీ సలహానే పాటించితిని. మట్టి నమూనాల సంచులు మోయుటకై నా 100 సి.సి. బండికి పెద్ద బండి షాకబ్జర్లు బిగింపించితిని. బోల్టు రంధ్రములు సరిపోయినవి గాని, నిడివి 20 మిల్లీమీటర్లు హెచ్చు. సంచులున్నంతకాలము బండి బాగుగనే నడచెను. ఒకనాటి సాయంకాలము సంచులు దింపి ఒంటరిగా వచ్చుచు గతుకులలో బ్రేకు వేసితిని. వెనుక చక్రము నేలమీద నిలువక యెగిరిపడుచుండుటచే పట్టు చిక్కలేదు. బండి జారి పడిపోయితిని. మోకాటి గాయముతో గండము గడచినది. ఆనాడు నా వెనుక పిల్లవాడు కూర్చుండియుండినచో నేమయ్యెడిదో యని నేటికిని తలంచుచుందును.

షాకబ్జరు చేయు పని

షాకబ్జరునందు రెండు భాగములు గలవు. పైకి కనబడు స్ప్రింగు బరువును మోయును. లోపలి నూనె గొట్టము స్ప్రింగు ఊపును అణచును. నూనె కారిపోయినచో స్ప్రింగు బాగుగ నున్నను బండి ఊగుచునే యుండును. బండి తోకను గట్టిగా అదిమి విడిచి చూడుడు. ఒకమారు లేచి నిలిచినచో మంచిది. రెండు మూడు మార్లు ఊగినను, కడ్డీమీద నూనె జిడ్డు కనబడినను, షాకబ్జరు పని తీరినదని తెలియవలెను.

స్ప్రింగు గట్టితనము తీగ మందముమీద మిక్కిలి ఆధారపడును. తీగ మందము 7 మి.మీ. నుండి 8 మి.మీ.కు పెరిగినచో, చుట్ల సంఖ్యయు వెడల్పును మారకున్నను, గట్టితనము సుమారు 1.7 రెట్లగును. కంటికి అల్పముగా తోచు భేదము చక్రమునకు అల్పము కాదు. అంతేగాక, లోపలి నూనె కవాటములు ఆ స్ప్రింగునకు తగినట్లుగా అమర్చబడియుండును. కావున స్ప్రింగు నొకదానిని, గొట్టము నొకదానిని కలిపి అతుకుట తగదు.

ముందుగా కొలువవలసినవి

పాత షాకబ్జరును, వేయదలచిన దానిని ప్రక్క ప్రక్కన పెట్టి ఈ అయిదింటిని కొలిచి కాగితముమీద వ్రాసికొనుడు.

1. నిడివి. పై రంధ్రము నడుమ నుండి క్రింది రంధ్రము నడుమ వరకు కొలువవలెను. నిడివి హెచ్చినచో తోక లేచి, ముందు ఫోర్కు నిలువగును; హ్యాండిలు తడబడును. ముందు లైటు వెలుగు దగ్గరనే నేలను పడును. సెంటరు స్టాండు వేసినను చక్రము నేలను తాకవచ్చును. సైడు స్టాండుమీద బండి మరింత ఒరుగును. చైను బిగువు మారును.

2. పూర్తిగా అణగిన నిడివి. దీనిని చాలామంది మరచెదరు. క్రొత్తది పాతదానికంటె ఎక్కువగా అణగునదైనచో, గోతిలో పడినపుడు టైరు మడ్‌గార్డును కొట్టుకొనును.

3. రంధ్రములు, బుష్షులు. బోల్టు సన్నమై రంధ్రము పెద్దదైనచో రేకు చుట్టి బిగించుట కూడదు. లేతు యంత్రముమీద సరియైన బుష్షు చేయింపవలెను. ఫ్రేముమీది కొక్కెమును అరగదీయుటగాని, వెల్డింగు చేయుటగాని ఎన్నడును వలదు.

4. చుట్టును ఖాళీ. స్ప్రింగు లావైనచో చైను కవరునకు, సైలెన్సరునకు, చీర గార్డునకు తగులవచ్చును. చక్రమును పైకి క్రిందికి ఆడించి చూడవలెను.

5. తీగ మందము, చుట్ల సంఖ్య, స్ప్రింగు వెడల్పు. ఈ మూడును పాతదానితో సరిపోలవలెను.

సీటు క్రింద ఒకే షాకబ్జరు గల బండ్ల విషయము వేరు. వానిలో మీటల అమరిక ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధముగా నుండును గనుక వేరొక బండిది పెట్టకుండుటయే మేలు.

బిగించు విధము

షాకబ్జర్లను ఎప్పుడును జంటగనే మార్చవలెను. ఒక వైపు క్రొత్తది, మరియొక వైపు పాతది వేయుట కోడెను ముసలి ఎద్దును ఒకే కాడికి కట్టుటవంటిది. బండి అడ్డముగా లాగును.

బండిని సమమైన నేలమీద సెంటరు స్టాండుపై నిలిపి, ఒక్కొక్క వైపే విప్పవలెను. రెండును ఒకేసారి విప్పినచో చక్రము క్రిందికి జారిపోవును. వాషర్లు ఏ వరుసలో వచ్చినవో ఆ వరుసలోనే తిరిగి వేయుడు. నట్లు ముందు చేతితో పెట్టి, బండిని చక్రములపై దింపిన పిదప పానాతో పూర్తిగా బిగించినచో రబ్బరు బుష్షులు మెలి పడవు. చైను బిగువును, ముందు లైటును మరల సరిచూడుడు. సుమారు 50 కిలోమీటర్లు నడచిన పిమ్మట నట్లను మరల పరీక్షింపుడు. గ్యాసు నింపిన షాకబ్జరును విప్పుట, వేడిచేయుట, నిప్పులో వేయుట ప్రాణాపాయము.

సరిపోయినదా యని తెలిసికొనుట

చక్రము గాలిలో నున్నపుడు వెనుక ఇరుసు నుండి సీటు క్రింద ఒక గుర్తు వరకు కొలువుడు. నడుపువాడు కూర్చున్న పిదప మరల కొలువుడు. ఈ రెంటి భేదము చక్రము ఆడు మొత్తము దూరములో నాల్గవ వంతునకు, మూడవ వంతునకు మధ్య నుండుట మంచిది. చక్రము 90 మి.మీ. ఆడునదైనచో భేదము 23 నుండి 30 మి.మీ. ఉండవలెను. పది మిల్లీమీటర్లే అణగినచో అది మీ బండికి మితిమీరిన గట్టిది. నాకు గాయము చేసినది అట్టిదియే.

స్ప్లెండరు వంటి బండ్లకు షాకబ్జరునందు 5 మెట్ల సర్దుబాటు గలదు. బరువు వేయు దినమున మెట్టు పెంచి, దింపిన పిదప తగ్గించినచో, చాలామందికి వేరు షాకబ్జరు అవసరమే యుండదు.

బరువు మాట

ముఖ్యమైన మాట ఇది: గట్టి షాకబ్జరు వేసినంతమాత్రమున బండి బలము పెరుగదు. నేటి యూరియా బస్తా 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. రెండు యూరియా బస్తాలు, 65 కిలోల మనిషి కలిసి 155 కిలోలగును. మెత్తని షాకబ్జరు పూర్తిగా అణగి “ఇక చాలు” అని చెప్పును. గట్టిది ఆ మాట చెప్పదు. ఆ దెబ్బను ఫ్రేమునకు, టైరునకు అప్పగించును. బ్రేకు మాత్రము పాతదే. మీ బండి మోయదగిన బరువెంతో దాని పుస్తకమున చూచికొనుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని కూడ తెలిసికొనుడు.

అధికమైన బరువునకు ఉపాయము షాకబ్జరునందు లేదు, మన సహకారమునందున్నది. ఒక వీధిలోని నలుగురు సభ్యులు ఒకే దినమున ఎరువు తీసికొని, ఒక ట్రాలీ ఆటో కిరాయిని పంచుకొన్నచో, బస్తాలు క్షేమముగా చేనికి చేరును. మనిషి క్షేమముగా ఇంటికి చేరును.