పింగాణి రహస్యము: మట్టి, రాయి, నిప్పు

మనము ప్రతిదినము తేనీరు త్రాగెడి పింగాణి గిన్నె చూచుటకు స్వల్పవస్తువు. కాని దానిని చేయు విద్య పశ్చిమ దేశములకు సుమారు తొమ్మిది వందల ఏండ్లు అందని పండై యుండెను. చక్రవర్తులు ధనమును కుమ్మరించిరి; పండితులు రాత్రింబవళ్ళు శ్రమించిరి. అయినను ఆ తెల్లదనము, ఆ గట్టిదనము వారికి చిక్కలేదు. ఎందువలన? ఈ ప్రశ్నను మన విద్యార్థుల ముందుంచుటయే మా ఉద్దేశము.

ముందుగా పింగాణి యననేమో తెలిసికొందము. మన కుమ్మరి ఆవములో కాలిన కుండకు సన్నని రంధ్రములుండును; అందుచేతనే నీరు చెమర్చి చల్లబడును. పింగాణి అట్టిది కాదు. అది సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాలి, రంధ్రములు పూడి, పలుచనైనచో వెలుతురును సైతము లోనికి రానిచ్చును. దానికి రెండు ద్రవ్యములు ముఖ్యము. ఒకటి కేయొలిన్ అను తెల్లమట్టి. రెండవది పెటుంట్సె అను రాతిపొడి. వేడిమికి రాతిపొడి కరగి సందులను నింపును. తెల్లమట్టి కరగక పాత్ర ఆకారమును నిలుపును. అందుకే చైనా పనివారు మట్టిని ఎముకతోను, రాతిని మాంసముతోను పోల్చెడివారు.

ఉత్తర చైనాలో తాంగ్ వంశీయుల కాలము (618–907) నాటికే మేలైన తెల్లని పాత్రలు తయారగుచుండెను. దక్షిణమున జియాంగ్సీ రాష్ట్రమందలి జింగ్డెజెన్ పట్టణము తరువాత ఈ విద్యకు రాజధాని యయ్యెను. అచట తొలుత రాతిపొడి ఒక్కటే వాడెడివారు. 14వ శతాబ్దమున దానిలో తెల్లమట్టిని కలుపుట సాగెను. దీనివలన పాత్ర ఎక్కువ వేడిమిని తాళుకొనెను. పెద్ద పాత్రలు వంకరపోక నిలిచెను. ఆ మట్టి దొరకిన గావోలింగ్ కొండపేరే నేడు కేయొలిన్ అను శాస్త్రనామమైనది. ఆ పాత్రలపై నీలివర్ణము దిద్దుటకు పారశీక దేశమునుండి కోబాల్టు దిగుమతి యయ్యెను. చైనా మట్టికి ఇరాను రంగు తోడైనదన్న మాట.

క్రీ.శ. 851 నాటి 'అఖ్బారుస్సీన్ వల్ హింద్' అను అరబ్బీ గ్రంథము, లోని నీరు బయటికి కనిపించునంత పలుచని చైనా మట్టిపాత్రలను వర్ణించినది. ఇరాక్ కుమ్మరులు వాని అందమునకు ముగ్ధులైరి. కాని వారికి ఆ మట్టియు లేదు, అంతటి వేడిమి నిచ్చు ఆవములును లేవు. అందుచే మామూలు మట్టిపాత్రపై తగరము కలిసిన తెల్లని మెరుగుపూత పూసిరి. ఇరానులోని కాషాన్ నగర కుమ్మరులు వేరొక త్రోవ త్రొక్కిరి. 1301లో అబుల్ ఖాసిం వ్రాసిన గ్రంథములో, పది పాళ్ళు తెల్లరాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి అను లెక్క కలదు. ఇవి పింగాణి కాకపోయినను వట్టి అనుకరణలు కావు. స్వతంత్ర కళలుగా వర్ధిల్లెను.

ఐరోపావారు పింగాణి నునుపును చూచి, అది గాజుజాతిదని తలచిరి. 16వ శతాబ్ది చివర ఫ్లారెన్సు నగరమున మెదీచీ ప్రభువుల పోషణలో మట్టికి గాజు కలిపి చూచిరి. అందమైన పాత్రలు వచ్చినవి గాని నిజమైన పింగాణి రాలేదు. తుదకు జర్మనీలోని సాక్సనీ రాజ్యములో చిర్న్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు పెద్ద దర్పణములతో, కటకములతో సూర్యకాంతిని కేంద్రీకరించి, ఏ ఖనిజము ఎంత వేడిమికి కరగునో పరీక్షించెను. బంగారము చేసెదనని పలికి రాజు బందీయైన బోట్గర్ అను యువకుడు ఆయనతో చేరెను. 1708లో వారి శ్రమ ఫలించెను. అదే యేట చిర్న్‌హౌస్ కన్నుమూసెను. 1710లో మైసెన్ కర్మాగారము వెలసెను. రహస్యమును కోటగోడల నడుమ దాచిరి. అయినను 1719 నాటికే అది వియన్నా చేరెను. బోట్గర్ ఆ సంవత్సరమే ముప్పదియేడవ యేట మరణించెను.

ఇదే కాలమున జింగ్డెజెన్‌లో నివసించిన ఫ్రెంచి మతబోధకుడు దాంత్రెకోల్ 1712లోను, 1722లోను ఆ పనితీరును లేఖలలో వివరించెను. ఒక్కొక్క పాత్ర సుమారు 70 మంది చేతులమీదుగా నడచునని ఆయన తెలిపెను. 1768లో ఫ్రాన్సులోని లిమోజ్ సమీపమున తెల్లమట్టి దొరకెను. అదే యేట కుక్‌వర్తి ఇంగ్లండులో కార్న్‌వాల్ మట్టితో పింగాణి చేయుటకు పేటెంటు పొందెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన దేమి? పైమెరుగును చూచి లోపలి తత్త్వమును ఊహించినంతకాలము ఫలితము దక్కలేదు. ద్రవ్యమును నిప్పులో పెట్టి, ఏది కరగునో, ఏది నిలుచునో ఓపికతో పరీక్షించిననాడే దక్కెను. మరియు, ఏ గోడయు విద్యను చిరకాలము బంధింపలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున చైనా పింగాణియు, ఐరోపా పింగాణియు రెండును కలవు. విద్యార్థులు వానిని చూచునపుడు అందముతో తృప్తిపడక, అది ఏ మట్టి, ఎంత వేడిమి, ఎందరి చేతుల పని యని ప్రశ్నింతురుగాక! రాజుల పేర్లు మనకు తెలియును. ఆ డెబ్బది మంది పేర్లు తెలియవు. కాని వారి పని మన కన్నుల ముందే నిలిచియున్నది.