రైఫిలా, పిస్టలా: బుజ్జమ్మకు పెదనాన్న ఉత్తరం

పూండి



నీ మెసేజ్ చదివాను. ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్ పేల్చినప్పటి నుంచి నీకు ఆ ధ్యాస పట్టుకుందనీ, విశాఖలో రేంజ్‌కి వెళ్తే అక్కడ ఎయిర్ పిస్టల్ కూడా చేతికిచ్చారనీ, ఇప్పుడు రెండింటిలో ఏది కొనుక్కోవాలో తేలడం లేదనీ రాశావు. ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేసే సంగతి కాదిది. అందుకే కాగితం తీశాను.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. నేను రైఫిల్ మనిషిని. ఎస్‌ఎల్‌ఆర్‌తో మొదలుపెట్టి ఇన్సాస్‌తో సర్వీసు ముగించినవాణ్ణి. రేంజ్‌లో పడుకుని బట్టు భుజానికి ఆనించి గ్రూపింగ్ వేయడంలో ఉన్న తృప్తి నాకు మరెందులోనూ దొరకలేదు. 9 ఎం.ఎం. పిస్టల్ కూడా పేల్చాను గానీ దాని మీద మనసు పోలేదు. అలాగని నా ఇష్టమే నీ ఇష్టం కావాలని లేదు. ఈ ఆటలో ఏది ఎంచుకోవాలన్నది పతకాలను చూసి తేల్చుకునేది కూడా కాదు. మన దేశానికి షూటింగ్‌లో వచ్చిన ఒలింపిక్ పతకాలు లెక్కపెట్టు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ రాథోడ్‌ది షాట్‌గన్. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా, 2012 లండన్‌లో గగన్ నారంగ్, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే, ఈ ముగ్గురివీ రైఫిల్ పతకాలు. లండన్‌లో విజయ్ కుమార్‌కి, పారిస్‌లో మనూ భాకర్‌కి, అక్కడే సరబ్‌జోత్ సింగ్‌తో జోడీగా మళ్లీ మనూకి వచ్చినవి పిస్టల్ పతకాలు. రైఫిల్‌కి మూడు, పిస్టల్‌కి మూడు. ఆ లెక్క నీకు దారి చూపించదు.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? నీ తప్పును ఏ తుపాకీ ఎలా చూపిస్తుందో గమనించు. ఆ చూపించే తీరును రోజూ ఓర్చుకోగలిగితే అదే నీది.

కాస్త లెక్కలోకి దిగుదాం. ఇంజనీరింగ్ చదువుతున్నదానివి, నీకు కష్టం కాదు. ఎయిర్ పిస్టల్‌లో వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకో. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 10 మీటర్ల దూరంలో గుండు 30 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అంటే పది రావలసిన చోట ఏడు. రైఫిల్‌లో ఆ దూరం 75 సెంటీమీటర్లు అనుకుంటే, అదే ఒక్క మిల్లీమీటరు తప్పుకి గుండు జరిగేది 13 మిల్లీమీటర్లే. రైఫిల్ క్షమిస్తుందని తొందరపడి అనుకోకు. పిస్టల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. రైఫిల్ ఎంత స్థిరత్వం ఇస్తుందో అంతా తిరిగి అడిగేస్తుంది.

స్కోరు రాసే పద్ధతిలోనూ ఈ తేడా కనిపిస్తుంది. రెంటికీ క్వాలిఫికేషన్‌లో 60 గుళ్లే. ఎయిర్ రైఫిల్‌లో దశాంశాలతో లెక్క, ఒక గుండుకి గరిష్ఠం 10.9. పెద్ద పోటీల్లో ఫైనల్‌కి చేరాలంటే మొత్తం 630 దరిదాపుల్లో ఉండాలి, అంటే సగటున ప్రతి గుండూ 10.5 పడాలి. లండన్‌లో, క్వాలిఫికేషన్, ఫైనల్ స్కోర్లు కలిపే అప్పటి పద్ధతిలో, గగన్ నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చాడు, స్వర్ణం 702.1 దగ్గర పోయింది. నాలుగేళ్ల కష్టానికి ఒక్క పాయింటు తేడా. పిస్టల్‌లో అలా కాదు. పారిస్ క్వాలిఫికేషన్‌లో మనూ భాకర్ 600కి 580 కొట్టి మూడో స్థానంలో నిలిచింది. ఇరవై పాయింట్లు పోగొట్టుకుని కూడా ప్రపంచంలో మూడోది! పిస్టల్ పట్టుకున్నవాళ్లు తొమ్మిదిని, ఒక్కోసారి ఎనిమిదిని మింగి వెంటనే తర్వాతి గుండు మీద మనసు పెట్టగలగాలి. రైఫిల్ పట్టుకున్నవాళ్లు ఒక పనిని అరవైసార్లు అచ్చుగుద్దినట్టు చేస్తూ విసుగు రాకుండా ఉండగలగాలి. నీకు ఏది కష్టం, ఏది ఇష్టం? చిన్నప్పుడు ముగ్గులో ఒక్క గీత వంకర పోతే మొత్తం చెరిపి మళ్లీ వేసేదానివి. అది చూసినవాణ్ణి గనక నాకొక అంచనా ఉంది. కానీ మనిషి పెరిగాక మారుతుంది, అందుకే తీర్పు నీకే వదిలేస్తున్నాను.

ఇక శరీరం సంగతి. ఎయిర్ రైఫిల్ నాలుగైదు కిలోలుంటుంది, నిబంధన ప్రకారం అయిదున్నర దాటకూడదు. బరువు చూసి భయపడకు, అది చేతి మీద ఉండదు. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది, నడుము కాస్త వెనక్కి వంగుతుంది, బరువంతా ఎముకల గుండా నేలకి దిగిపోతుంది. కండ బిగిస్తే చెడింది. పొజిషన్ తీసుకున్నాక కళ్లు మూసుకో, ఊపిరి వదిలి వొళ్లు సడలించు, కళ్లు తెరిచి బ్యారెల్ ఎటు చూస్తోందో చూడు. టార్గెట్‌కి పక్కగా ఉంటే చేత్తో నెట్టకూడదు, పాదం జరపాలి. మాకు ఇది నేర్పించిన ఉస్తాద్ వేరే ఏదీ నేర్పకపోయినా ఆయనకి రుణపడి ఉండేవాణ్ణి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఈ నిలబడే పొజిషన్ పడదు. నీకు అలాంటిదేమైనా ఉంటే కోచ్‌కి మొదటి రోజే చెప్పు.

ఎయిర్ పిస్టల్ కిలో చిల్లర, ఒకటిన్నర కిలో మించకూడదు. తేలికే కదా అనిపిస్తుంది. ఒంటి చేత్తో భుజం ఎత్తున చాచి పట్టుకుని, దింపుతూ ఎత్తుతూ గంటంపావు నడిపించు, అప్పుడు తెలుస్తుంది. పైగా అది ఎప్పటికీ నిశ్చలంగా నిలవదు. గుండె కొట్టుకోవడం కూడా సైట్‌లో కనిపిస్తుంది. ఆ కదలికను ఆపాలని చూసినవాళ్లు ట్రిగ్గర్‌ని గుంజుతారు. కదలనిచ్చి, కదులుతుండగానే వేలు మెల్లగా నొక్కినవాళ్లకే పది పడుతుంది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లను చూశావు కదా, గుండుపప్పు విరిగి బద్ద కాకుండా కత్తి మొనతో ఎంత ఒత్తిడి పెట్టాలో వాళ్ల వేలికి తెలుస్తుంది. ట్రిగ్గర్ మీద నీ చూపుడు వేలికి అలాంటి తెలివి రావాలి.

మరొక చిన్న పరీక్ష చేసుకో. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, చేయి చాచి, రెండు కళ్లతో ఆ సున్నాలోంచి దూరంగా ఏదో వస్తువును చూడు. తర్వాత ఒక్కో కన్నూ మూసి చూడు. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు సున్నాలోనే ఉంటుందో అది నీ బలమైన కన్ను. నీది కుడిచేయి. కన్ను కూడా కుడిదైతే ఏ గొడవా లేదు. ఎడమదైతే పిస్టల్‌లో తల కాస్త తిప్పుకుంటే సరిపోతుంది. రైఫిల్‌లో మాత్రం ఎడమ కంటికి అడ్డు పెట్టుకోవాలి, లేదా తుపాకీనే ఎడమ భుజానికి మార్చుకోవాలి. డబ్బు పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

డబ్బు మాటకొస్తే, పోటీ స్థాయివి ఎక్కువగా జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో తయారవుతాయి, ధర లక్షల్లో ఉంటుంది. రైఫిల్‌కి ఆ పైన బిగుతైన జాకెట్టు, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కావాలి. మన కోస్తా ఉక్కపోతలో, ఏసీ లేని రేంజ్‌లో ఆ జాకెట్టు వేసుకుని గంటంపావు నిలబడడం కూడా ఒక సాధనే. పిస్టల్‌కి ఈ బాధ లేదు, బూట్లుంటే చాలు. మీ నాన్న జీడితోట మీద వచ్చేదాంతో నిన్ను చదివిస్తున్నాడు. తిత్లీ తుపానుకి పడిపోయిన చెట్ల చోట పెట్టిన మొక్కలు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. ఏడాదిపాటు ఏదీ కొనకు. రేంజ్ వాళ్లవే వాడు.

ఆ ఏడాదిలో ముందు రైఫిల్ పట్టమంటాను. నా అభిమానంతో అంటున్న మాట కాదు, భద్రత కోసం. పొడుగు బ్యారెల్ ఎటు తిరిగిందో చుట్టూ ఉన్న అందరికీ కనిపిస్తుంది. పిస్టల్ చిన్నది. కొత్తవాళ్లు ఎవరైనా పిలిస్తే తిరిగి చూస్తారు, మణికట్టుతో పాటు పిస్టల్ మూతి కూడా పక్క లేన్‌లో మనిషి మీదకి తిరిగిపోతుంది. ఎయిర్ పిస్టలే కదా అనుకోవద్దు, పెల్లెట్ తగిలితే కన్ను పోతుంది. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. పేల్చబోయేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. పేల్చడం అయ్యాక బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి. ఇవి రైఫిల్‌తో అలవాటైపోతే ఆ తర్వాత పిస్టల్ పట్టినా చేయి మరవదు. పెల్లెట్లు సీసంవి, రేంజ్ నుంచి వచ్చాక చేతులు కడుక్కోకుండా తినకు.

మొదలుపెట్టినదాంతోనే జీవితాంతం ఉండాలనేమీ లేదు. గగన్ నారంగ్‌నే చూడు. హైదరాబాద్ బేగంపేటలో ఇంటి పెరట్లో 1997లో తండ్రి ఇచ్చిన ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టాడు, ఒలింపిక్ పతకం రైఫిల్‌తో తెచ్చాడు. ఈషా సింగ్‌దీ హైదరాబాదే. రకరకాల ఆటలు చూసి పిస్టల్ దగ్గర ఆగింది. పదమూడేళ్లకే 2018లో జాతీయ చాంపియన్ అయింది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఎయిర్ రైఫిల్‌తో బధిర ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన ధనుష్ శ్రీకాంత్ కూడా అక్కడివాడే. వినపడని ఆ కుర్రాడు రైఫిల్‌లో చూపించిన నిలకడ గురించి చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. కైనన్ చెనాయ్ అని మరొకడు, హైదరాబాదీయే, రియో ఒలింపిక్స్‌కి ట్రాప్‌లో వెళ్లాడు. షాట్‌గన్ అనే మూడో దారి కూడా ఉందని తెలియడానికి రాశాను. కానీ దానికి విశాలమైన రేంజ్, గాల్లోకి మట్టి పళ్లేలు విసిరే యంత్రాలు, ఖరీదైన తూటాలు కావాలి. దాన్ని ఇప్పుడు తలపెట్టకు.

ఇక ఇంటి సంగతి. తుపాకీ అనగానే మీ నాన్న ముఖం ఎందుకు మాడిపోయిందో నీకు తెలియాలి. పలాస దగ్గర బొడ్డపాడులో నక్సల్ ఉద్యమంలో పోయినవాళ్ల స్తూపం చూశావు. ఉద్దానంలో మా తరం పిల్లలం తుపాకీ చప్పుడును ఆటగా వినలేదు. ఏ వైపు నుంచి పేలినా ఎవరింట్లోనో ఏడుపు లేచేది. ఆ రోజులు చూసిన మనిషికి కాగితం మీద చిల్లులు పెట్టే ఆట అంటే వెంటనే నమ్మకం కుదరదు. వాదించకు. ఒక్కసారి రేంజ్‌కి తీసుకెళ్లి వెనక కుర్చీలో కూర్చోబెట్టు. అక్కడి క్రమశిక్షణ చూస్తే తనే తేల్చుకుంటాడు.

మీ తమ్ముడేమో, తోటలో ఎలుగులొస్తున్నాయి, ఇంట్లో ఒక తుపాకీ ఉంటే మంచిదే కదా అన్నాడట. వాడికి గట్టిగా చెప్పు. 2022 జూన్‌లో మన కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో మనిషి పోయినప్పుడు కూడా దాన్ని పట్టుకోవడానికి దిగింది అటవీ శాఖే. 1972 వన్యప్రాణి చట్టం కింద అది అత్యధిక రక్షణ ఉన్న జంతువు. ఎయిర్‌గన్‌తో ఎలుగు చావదు, రెచ్చిపోతుంది. అలాగే ఆ ఎయిర్‌గన్ పట్టుకుని ఏ గుంటడైనా తేలినీలాపురం పక్షుల వైపు వెళ్లాడని నా చెవిన పడితే నేనే పోలీసులకి అప్పజెబుతాను. మన చింతచెట్లను నమ్ముకుని వచ్చి పిల్లల్ని పెట్టుకునే పక్షులవి. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 నుంచి ఊళ్లకు ఊళ్లు తమ ఎయిర్‌గన్‌లను తెచ్చి ప్రభుత్వానికి అప్పగించాయి, పక్షుల కోసమే.

చట్టం కూడా రాసేస్తాను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీ తుపాకీలు, రైఫిలైనా పిస్టలైనా, ఈ హద్దు లోపలే ఉంటాయి. పాయింట్ టూటూ అయితే లైసెన్సు కావాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. నీకింకా నిండలేదు గనక కోచ్ కళ్లెదుట రేంజ్‌లో తప్ప దాన్ని ముట్టుకోకు. కొనే రోజు వస్తే బిల్లు, కాగితాలు జాగ్రత్తగా పెట్టుకో. తుపాకీ తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లు వేరే చోట. పెళ్లిళ్లలో, ఫొటోల కోసం ఎవరు అడిగినా బయటికి తీయకూడదు. సంబరానికి తుపాకీ పేల్చి పదిమందిని ప్రమాదంలో పెట్టేవాళ్లకి 2019 సవరణలో రెండేళ్ల దాకా జైలు రాశారు.

సంక్రాంతికి వస్తావు కదా. అంతలోపు రేంజ్‌లో రెండు టార్గెట్ కాగితాలు అడిగి తీసుకో. ఒకదాని మీద రైఫిల్‌తో పది, మరోదాని మీద పిస్టల్‌తో పది. బాగా పడిన రోజు కాగితాలు ఏరి తీసుకురావద్దు, ఒకే రోజు, ఒకే పూట కొట్టినవి తీసుకురా. ఏది కొడుతున్నప్పుడు టైము తెలియలేదో దాని వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టు. గ్రూపు ఎటు లాగుతోందో నేను చూసి చెబుతాను, గుర్తు సంగతి మాత్రం నేను అడగను, నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ పెదనాన్న