నెమ్మదినిచ్చు కషాయము – నెమ్మదికి కర్తయైన దేవుడు

చదువవలసిన వాక్యభాగము: 1 రాజులు 19:1–9
తోడు వాక్యములు: 2 రాజులు 20:1–7, మత్తయి 6:6, ఫిలిప్పీ 4:6, 7

కర్మెలు పర్వతముమీద ఆకాశమునుండి అగ్ని దిగివచ్చుట చూచిన ఏలీయా, యెజెబెలు పంపిన ఒక్క వర్తమానమునకు భయపడి అరణ్యములోనికి పారిపోయెను. అక్కడ బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. అంతటి ప్రవక్త అంతగా కృంగిపోయినప్పుడు దేవుడు చేసిన మొదటి పని ఏమి? గద్దింపు కాదు, ప్రసంగము కాదు. అతనిని నిద్రింపనిచ్చెను. పిమ్మట దూతచేత తట్టి లేపించి, వేడి అప్పమును నీళ్లను అతని తలదగ్గర ఉంచెను. అతడు తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత రెండవమారును వచ్చెను. దేవుడు ఏలీయాను ప్రశ్నించినది, ఈ భోజనమును ఈ నిద్రయు ముగిసి అతడు హోరేబు చేరిన తరువాతనే.

ఈ క్రమమును మనము శ్రద్ధగా గమనింపవలెను. మన సంఘములలో నిద్రపట్టక బాధపడు సహోదరి ఎవరైన తన కష్టము చెప్పుకొనిన యెడల, ఆమె విశ్వాసమే కొరతగానున్నదని తీర్పు చెప్పువారు కలరు. మరియొక వైపున, ఎవరో చెప్పిన ఆకునో, సీసాలోని ద్రవమునో సర్వరోగ నివారిణియని నమ్మి, దానిమీదనే ఆశ పెట్టుకొనువారును కలరు. మొదటివారు శరీరమును చేసినవాడు దేవుడేనని మరచుచున్నారు. రెండవవారు ఆకును చేసినవానిని మరచుచున్నారు.

హిజ్కియా విషయములో ఈ రెండు తప్పులకును జవాబున్నది. దేవుడు అతని కన్నీళ్లను చూచి పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన ఔషధమును త్రోసివేయలేదు. ఔషధము ప్రార్థన స్థానమును ఆక్రమింపలేదు.

ఇంటిలో చేసికొనదగిన ఒక కషాయము

మన పెరళ్లలోను కుండీలలోను సులువుగా పెరుగునది నిమ్మగడ్డి. ఎండ తగులు చోట, నీరు నిలువని నేలలో, ఒక కుదురునుండి పిలకలు విడదీసి నాటిన చాలును. దాని ఆకును నలిపినప్పుడు వచ్చు నిమ్మ వాసనకు సిట్రాల్ అను పదార్థము కారణము.

ఇద్దరికి కావలసినవి: పొడవైన ఆకులు నాలుగైదు, చిన్న అల్లము ముక్క, నీళ్లు రెండు గ్లాసులు (సుమారు 400 మిల్లీలీటర్లు), తీపి కావలెనన్న కొద్దిగా తాటిబెల్లము.

ఆకుల అంచులు చేతిని కోయును గనుక జాగ్రత్తగా పట్టుకొని, దుమ్ము పోవునట్లు రెండు మూడుమార్లు కడుగవలెను. అంగుళము ముక్కలుగా కత్తిరింపవలెను. నీళ్లు తెర్లిన తరువాత ఆకులను, దంచిన అల్లమును వేసి, మంట తగ్గించి అయిదు నిమిషములు మరగనీయవలెను. పిమ్మట పొయ్యినుండి దించి, మూతపెట్టి, పది నిమిషములు కదపకుండ ఉంచవలెను. పలుచని బట్టతో వడకట్టి, బెల్లము కలిపి, గోరువెచ్చగా త్రాగవలెను. రాత్రి త్రాగునప్పుడు టీపొడి కలుపరాదు. దానిలోని కెఫీన్ నిద్రను చెరచును. పండుకొనుటకు ఒక గంట ముందే త్రాగుట మేలు.

సత్యము చెప్పుట మన ధర్మము

ఈ ఆకు మనస్సును నిమ్మళింపజేయునని బ్రెజిలు దేశములో బహుకాలముగా జనులు నమ్ముచు దానితో టీ కాచుకొనుచుండిరి. 1986లో ఆ దేశపు పరిశోధకులు మనుష్యులకు దానిని త్రాగించి పరీక్షించిన ఫలితములు ప్రకటించిరి. నిద్ర పుట్టించు గుణము గాని, ఆందోళన తగ్గించు గుణము గాని వారికి కనబడలేదు.

అట్లయిన దీనిని త్రాగుట వ్యర్థమా? కాదు. పగటి పని ముగించుట, దీపము తగ్గించుట, వెచ్చని పాత్రను చేతులలో పట్టుకొని మెల్లగా త్రాగుట, ఇంటివారితో రెండు మాటలాడుట, ఇవన్నియు అలసిన శరీరమునకు విశ్రాంతి వేళ వచ్చినదని తెలుపును. మేలు కలిగిన యెడల, ఆకులో లేని శక్తిని ఆకుకు అంటగట్టక, మేలునిచ్చిన దేవునికి కృతజ్ఞత చెల్లింపవలెను. సత్యమైన దేవుని సేవించువారు మందు విషయములోనైనను అబద్ధమును వ్యాపింపజేయరాదు.

మూడు పాఠములు

1. మూత వేయబడిన పాత్ర. మూత తీసి ఎక్కువసేపు మరిగించిన యెడల సువాసన ఆవిరితో పోవును. మన ప్రభువు ప్రార్థన విషయములో తలుపు వేసికొనుమని బోధించెను. దినమంతయు అందరికిని తెరువబడియున్న హృదయము, కొంతసేపైనను దేవునియొద్ద మూయబడియుండవలెను.

2. కదపకుండ ఉంచు పది నిమిషములు. ఆ సమయములో మనము చేయు పని ఏమియు లేదు; అయినను కషాయము తయారగుచున్నది. మనము నిద్రించుచుండగా దేవుడు మెలకువగానుండునని కీర్తన 121 సాక్ష్యమిచ్చుచున్నది. రేపటి భారమును రాత్రియంతయు మోయుట మనకు అప్పగింపబడిన పని కాదు.

3. రెండు గ్లాసులు. ఏలీయా తానొక్కడనే మిగిలితిననుకొనెను. దేవుడు అతనికి ఏడు వేలమంది సంగతి చెప్పి, ఎలీషాను తోడుగా ఇచ్చెను. కాబట్టి ఒకరికే కాక ఇద్దరికి కాచవలెను. ప్రక్క యింటి విధవరాలికి, పరీక్షల భయముతోనున్న పిల్లవానికి ఒక గ్లాసు పట్టుకొనిపోయి, బోధింపక, వారు చెప్పునది వినుడి.

జాగ్రత్తలు

గర్భవతులు, పాలిచ్చు తల్లులు, నిత్యము మందులు వాడువారు వైద్యుని అడుగక ఈ కషాయమును అలవాటు చేసికొనరాదు. మధుమేహము గలవారు బెల్లము మానవలెను. వైద్యుడిచ్చిన నిద్రమాత్రలను, మానసిక వ్యాధి మందులను దీనిని నమ్మి ఆపివేయరాదు. నిద్రలేమి వారముల తరబడి కొనసాగినను, దుఃఖము విడువకున్నను వైద్యునియొద్దకు పోవలెను. ఏలీయావలె చచ్చిపోవుట మేలను తలంపు కలిగినవారు ఒక్క రాత్రియైనను ఆలస్యము చేయరాదు. అట్టివారికొరకు భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ అను ఉచిత సేవను ఆరంభించెను. దాని సంఖ్య 14416. ఆ సంఖ్యకు ఫోను చేయుట అవిశ్వాసము కాదు. దేవుడు ఏలీయాయొద్దకు దూతను పంపెను. మనయొద్దకు వైద్యుని పంపవచ్చును.

ధ్యానింపవలసిన ప్రశ్నలు

1. దేవుడు ఏలీయాతో మాటలాడుటకు ముందు అతనికి భోజనమును నిద్రను ఎందుకిచ్చెను?
2. కృంగినవారిని మన సంఘము ఓదార్చుచున్నదా, తీర్పు తీర్చుచున్నదా?
3. ఈ వారము మీ రెండవ గ్లాసు ఎవరికి?

ప్రార్థన

ప్రభువా, మా శరీరము మట్టియని నీవెరుగుదువు. నేలనుండి మొలచు ఆకునుబట్టియు, వైద్యుల జ్ఞానమునుబట్టియు నీకు స్తోత్రము. నిద్రలేని కన్నులను నీవే మూయుము. కృంగినవారియొద్దకు మమ్మును రొట్టెతోను నీళ్లతోను పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.