ఆశ్రయం – ప్రతిభ

ప్రతిభ ఎంత గొప్పదైనా అది నిలిచి వెలగడానికి ఒక ఆశ్రయం కావాలి. ఒకనాడు కవిత్వానికి రాజాస్థానం ఆశ్రయం. నేటి వృత్తిక్రీడకు వాణిజ్యసంస్థ ఆశ్రయం. ఆ ఆశ్రయమే కదిలిపోతే దాని నీడన ఉన్నవారి గతి ఏమిటి? ఈ ప్రశ్న కొత్తది కాదు.

కవిసార్వభౌముడు శ్రీనాథుడు కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా వెలుగొందాడు. 15వ శతాబ్దిలో కొండవీటి రాజ్యం అస్తమించగా ఆయన గోదావరీతీరం చేరాడు. దాక్షారామ మహిమను కీర్తించే భీమఖండాన్ని బెండపూడి అన్నయామాత్యునికి, కాశీఖండాన్ని రాజమహేంద్రవర ప్రభువు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కాలక్రమంలో ఆ రాజ్యమూ గజపతుల వశమైంది. వృద్ధకవికి మరొక ఆస్థానం దొరకలేదు. కృష్ణాతీరాన పొలం గుత్తకు తీసుకొని, పన్ను చెల్లించలేక ఇడుములు పడ్డాడని ఐతిహ్యం.

ఇటువంటి పరిస్థితే మన కాలంలో ఒక క్రికెట్ జట్టుకు ఎదురైంది. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ కోసం ఎనిమిది నగరాల జట్లను వేలం వేశారు. హైదరాబాదు జట్టును దక్కన్ క్రానికల్ పత్రికాసంస్థ సుమారు 10.7 కోట్ల డాలర్లకు దక్కించుకొని, దానికి ‘దక్కన్ ఛార్జర్స్’ అని పేరుపెట్టింది. వి.వి.ఎస్. లక్ష్మణ్ నాయకుడు. జట్టునిండా పేరుమోసినవారే. అయినా ఆ ఏడాది ఆడిన 14 ఆటలలో రెండింటిలోనే గెలిచి, అది చిట్టచివరి స్థానంలో నిలిచింది. వయసు మళ్లినవారితో వేగవంతమైన ఆట సాధ్యం కాదన్న విమర్శకు ఇది ఊతమిచ్చింది.

మరుసటి ఏడాదే ఆ విమర్శకు సమాధానం లభించింది. సార్వత్రిక ఎన్నికల కారణంగా 2009 పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగాయి. అప్పటికే అంతర్జాతీయ క్రికెట్ నుండి విరమించిన ఆడం గిల్‌క్రిస్ట్ తన 37వ ఏట జట్టుకు నాయకత్వం వహించాడు. సెమీఫైనల్లో 35 బంతులలో 85 పరుగులు చేశాడు. మే 24న జోహనెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో మాత్రం ఒక్క పరుగైనా చేయకుండా వెనుదిరిగాడు. అతనిని ఔట్ చేసిన బెంగళూరు నాయకుడు అనిల్ కుంబ్లే వయసు 38. ఆనాడు హైదరాబాదును 53 పరుగులతో నిలబెట్టిన గిబ్స్ వయసు 35. చివరకు హైదరాబాదు 6 పరుగుల తేడాతో విజేత అయింది. అనుభవం దేహబలంలోని కొరతను పూరించగలదని ఆ రాత్రి రుజువైంది.

అయితే విజయం జట్టు భవిష్యత్తుకు భరోసా కాలేకపోయింది. 2011 వేలం నాటికి పాత బంధాలు తెగిపోయాయి. గిల్‌క్రిస్ట్ పంజాబుకు, లక్ష్మణ్ కోచికి, యువకుడైన రోహిత్ శర్మ ముంబయికి వెళ్లారు. ఇంతలో యజమాని సంస్థ అప్పులలో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో జట్టును అమ్మజూపగా ఒకే ఒక్క సంస్థ ముందుకు వచ్చింది; ఆ బేరమూ కుదరలేదు. ఆటగాళ్ల బకాయిలు మొదలైన కారణాలు చూపి, క్రికెట్ బోర్డు సెప్టెంబరు 14న ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం న్యాయస్థానానికి చేరింది. అక్టోబరులో హైదరాబాదు జట్టు హక్కును సన్ టి.వి. సంస్థ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు పొందింది. ‘సన్‌రైజర్స్’ అవతరించింది. పాత ఆటగాళ్లు పలువురు అందులో కొనసాగారు. లక్ష్మణ్ మార్గదర్శకుడుగా తిరిగివచ్చాడు. 2016లో ఆ జట్టు విజేతగా నిలిచింది. పాత యజమానికి 4,800 కోట్ల రూపాయలకు పైగా చెల్లించాలని 2020లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పును 2021లో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది.

శ్రీనాథునికి లేని రక్షణ నేటి క్రీడాకారునికి ఉంది: ఒప్పందపత్రం, న్యాయస్థానం. కానీ అభిమానికి ఏ పత్రమూ లేదు. తాను ప్రేమించిన పేరు ఒక్కరోజులో చెరిగిపోతే అతడు చేయగలిగిందేమీ లేదు. జట్టు కాగితాలపై యజమానిది, జ్ఞాపకాలలో ప్రజలది. ఆశ్రయమిచ్చిన రాజ్యాలు పోయినా కాశీఖండం నిలిచింది. యజమానులు మారినా 2009 నాటి గెలుపూ అలాగే నిలిచి ఉంది.

అర్థాలు
ఐతిహ్యం = పరంపరగా వినవచ్చే కథ
ఇడుములు = కష్టాలు
గుత్త = కౌలు
ఊతం = ఆధారం

ప్రశ్నలు
1. శ్రీనాథుని జీవితానికీ దక్కన్ ఛార్జర్స్ చరిత్రకూ గల పోలికలను, భేదాలను వివరించండి.
2. ‘జట్టు కాగితాలపై యజమానిది, జ్ఞాపకాలలో ప్రజలది’ – ఈ వాక్యాన్ని సమర్థిస్తారా? కారణాలు తెల్పండి.