నీటిగట్టున బాలభటుడు

అమరావతి పట్టణము కృష్ణానది కుడిగట్టున నున్నది. అమరేశ్వరస్వామి దర్శనమునకు వచ్చు యాత్రికులు పలువురు ముందుగా నదిలో స్నానము చేయుదురు. మహాశివరాత్రినాడును, కార్తికమాసమునను స్నానఘట్టములు క్రిక్కిరిసి యుండును. 2016వ సంవత్సరము ఆగస్టు 12 మొదలు 23 వరకు పుష్కరములు జరిగినప్పుడు లక్షలకొలది జనులు కృష్ణలో పుణ్యస్నానములు చేసిరి. ఇట్టి తావున ఈత నేర్చిన బాలభటుడు, అనగా స్కౌటు, పదిమందికి అండ కాగలడు. అయినను ఈత వచ్చుట యొక్కటియే చాలదు.

మొదట నది స్వభావము నెరుగవలెను. అమరావతికి ఎగువన పులిచింతల, దానికి పైన నాగార్జునసాగరము కలవు. ఆ జలాశయముల తలుపు లెత్తినచో, అమరావతిలో చినుకైనను పడకున్నను నీరు పెరుగవచ్చును. ఇసుక త్రవ్వినచోట్ల నీటి యడుగున గోతులుండును. మోకాలిలోతున నడచువాడు మరుసటి యడుగులో నిలువులోతున పడవచ్చును. కావున హద్దుగా కట్టిన త్రాళ్లను దాటరాదు; తెలియని రేవున దిగరాదు; ఒంటరిగా ఈదరాదు.

పల్లెలలో నడుమునకు మునగబెండ్లుగాని, ఎండిన సొరకాయబుర్రలుగాని కట్టి పిల్లలకు బావులలో ఈత నేర్పుట పూర్వపు టలవాటు. ఏ విధమున నేర్చినను, పెద్దల యెదుటనే నేర్వవలెను. వెల్లకిల తేలుట ముందుగా సాధింపవలెను. అలసినవాని ప్రాణము నిలుపునది అదియే. బావినీరు కదలదు, ఏటినీరు లాగుకొనిపోవును. ప్రవాహమున చిక్కినవాడు ఎదురీదక, వాలుగా గట్టువైపునకు ఈదవలెను.

మునుగువాడు పెద్దగా కేకలు వేయునని పలువురు తలంతురు. ఊపిరి కొరకు పెనగులాడువానికి కేక వేయుటకు శక్తి యుండదు. కావున కన్ను నీటిమీదనే యుంచవలెను. అట్టివానిని చూచిన వెంటనే దుముకుట వీరత్వమువలె తోచును. కాని మునుగువాడు చేతికందినదానిని విడువడు. రక్షింపవచ్చినవాని మెడనే చుట్టుకొనును. ఇట్లు ఒకని వెంట నొకడు దుమికి, స్నేహితులును అన్నదమ్ములును కలసి మునిగిన విషాదములు పెక్కు.

అందుచేత బాలభటుడు వరుస తప్పరాదు. మొదట కేకవేసి పెద్దలను పిలువవలెను. పిదప గట్టున బోరగిల పండుకొని వెదురుగడగాని, ముడివేసిన పంచెలుగాని అందీయవలెను. అవి అందనిచో త్రాడునో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరవలెను. తరువాత పడవవానిని పంపవలెను. నీట దిగి రక్షించుట శిక్షణ పొందిన పెద్దల పని.

గట్టునకు చేర్చినవానిని తలక్రిందులుగా పట్టి త్రిప్పరాదు, పొట్ట నొక్కరాదు. 108కి ఫోను చేయింపవలెను. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి ఊపిరి నూదవలెను. పిమ్మట రొమ్ము నడుమ 30 మార్లు గట్టిగా నొక్కుట, 2 మార్లు ఊపిరి నూదుట సాయము వచ్చువరకు సాగింపవలెను. ఈ పద్ధతిని ముందే అభ్యసింపవలెను.

1907వ సంవత్సరమున బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో బాలురకు తొలి శిబిరము నడపెను. సంసిద్ధముగా నుండుటయే స్కౌటుల నినాదము. కృష్ణ యొడ్డున దాని యర్థము స్పష్టము: త్రాడు చేతిలో నుండవలెను, చూపు నీటిపై నుండవలెను, తొందరపాటు అదుపులో నుండవలెను. అట్టి బాలుడు తాను నిలిచి, ఎదుటివాని ప్రాణమును నిలుపును.